పూలు ఏ తలుపుకి

నేను తిరిగొచ్చేలోపు తేల్చేయండమ్మా, పూలవాడు గంటలో ఆర్డర్లు మూసేస్తాడు, అని చెప్పి డెకరేషన్ ఆవిడ కొలతల టేపు సంచిలో పడేసుకుని పక్క వీధిలో ఇంకెవరిదో హాలు చూడటానికి వెళ్ళిపోయింది. ఈ ఖాళీ హాల్లో నేనూ, గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలూ మిగిలాం. తేల్చేయాలట. అదేదో కూరగాయలు ఏరినంత తేలిక అన్నట్టు చెప్పింది. నేనూ నేను చేసుకోబోయేవాడూ పెళ్ళికని కూడబెట్టిన దాంట్లో అలంకరణకి మిగిలింది ఒక్క చోటికి నిండుగా వస్తుంది, రెండు చోట్ల పెడితే పలచబడుతుంది, అన్ని చోట్లా సర్దితే ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. గేటు దగ్గర పెట్టమంటుంది మేనత్త, నన్ను పెంచిన మనిషి, గేటు చూసే జనం మన స్థాయి లెక్కకడతారు బంగారం, లోపల ఎంత చేస్తే ఎవరిక్కావాలి అంటుంది. భోజనాల గదికి పెట్టమంటుంది కాబోయే అత్తగారు, అందరూ ఎక్కువసేపు కూర్చునేది అక్కడే కదమ్మా, గోడలు బోసిగా ఉంటే ముద్ద దిగదు అంటుంది, ఆవిడకి ముద్ద దిగకపోవడం నేనింతవరకూ చూడలేదు. స్టేజీ బాగుంటే చాలు, ఫొటోలు మిగుల్తాయి అన్నాడు నాన్న పేపరు మీంచి తలెత్తకుండా. లిఫ్టులు బాగుచేసే నా పెళ్ళికొడుకైతే నీకెక్కడ ఇష్టమైతే అక్కడే అన్నాడు. మంచివాడే, చేసుకుంటున్నాను కూడా, కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, నా ఇష్టం ఏమిటో నాకు తెలిస్తే ఇతన్ని ఎందుకడుగుతాను.

అసలు ఇది నాకు కష్టం కాకూడదు. నేను చేసే ఉద్యోగమే ఇది. బట్టల షాపు ముందు పెద్ద అద్దాల వెనక బొమ్మలకి బట్టలు తొడిగి నిలబెట్టేది నేనే, ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎక్కడ అట్టముక్కతో సరిపెట్టాలో నాకంటే బాగా ఈ పెళ్ళిలో ఎవరికీ తెలియదు. బొమ్మకి కోటు ముందు నుంచి అతికినట్టు కనిపిస్తుంది, వెనక చూస్తే వీపు నిండా గుండుసూదులు, వదులు గుడ్డంతా కూడదీసి గుచ్చినవి. చేరిన కొత్తల్లో నేను లోపలే నిలబడి సర్దుతుంటే మా సీనియర్, గొంతులో ఎప్పుడూ జలుబున్నట్టు మాట్లాడే ముసలాయన, నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి లాక్కెళ్ళాడు. నువ్వు లోపల నిలబడి చూడకు, నీకెవడూ డబ్బులివ్వడు, కొనేవాడు నిలబడే చోట నిలబడి చూడు, అన్నాడు. అప్పట్నుంచి ప్రతి వారం రోడ్డు దాటడం, చూడటం, వెనక్కి రావడం, బొమ్మ మోచెయ్యి కాస్త తిప్పడం, మళ్ళీ దాటడం. ఎండైనా వానైనా అంతే, ఒకసారి బస్సు కింద పడబోయాను కూడా. కాబట్టి ఇప్పుడు కూడా అలవాటు చొప్పున హాలు బయటికి నడిచాను, గేటు దగ్గర నిలబడ్డాను, చుట్టాల కళ్ళతో చూశాను. గేటు ఇనుపది, రంగు ఊడింది, పూలు పెడితే కప్పుకుపోతుంది. మేనత్త చెప్పింది నిజమే, కన్ను ముందు ఇక్కడే పడుతుంది. లోపలికొచ్చి గుమ్మంలో ఆగాను, కన్ను ముందుగా స్టేజీ మీదికి పోయింది. నాన్న చెప్పిందీ నిజమే. అందరూ చెప్పేదీ నిజమే అయినప్పుడు మనిషికి పిచ్చెక్కుతుంది.

ఫోను మోగలేదు, అయినా తీసి చూశాను. అమ్మ దగ్గర్నుంచి ఏమీ లేదు. పోయిన వారం మాట్లాడిందే చివరిసారి. హాలు కుదిరింది అని చెప్తే, ఎలా ఉంది, ఎంతమంది పడతారు, గాలి వస్తుందా, ఇవేవీ అడగలేదు, ఆ హాలుకి ఇంకో తలుపుందా అని అడిగింది. ఉంది, వంటవాళ్ళు వచ్చే తలుపు ఒకటి పక్కన ఉంది, ఎందుకు అన్నాను. వస్తే అటు నుంచి వస్తానే, వెనకే కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోతాను, ఎవరికీ చెప్పకు, అంది. వస్తే అంది. వస్తాను అనలేదు. ఆ వస్తే పట్టుకుని నేను వారం రోజులుగా నిద్రపోవడం లేదు. ఏ పనిలో ఉన్నా అదే వినిపిస్తుంది, బొమ్మకి చొక్కా గుండీలు పెడుతున్నా, కార్డులు పంచుతున్నా, వస్తే, వస్తే, అంటే రాకపోవచ్చు అని.

నేను బడికెళ్ళే వయసులోనే అమ్మ మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఎవరితోనో వెళ్ళలేదు, ఎవరితోనో వెళ్ళి ఉంటే మేనత్తకి చెప్పుకోడానికి సులువుగా ఉండేది. ఊరికే వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో తన మాటకి విలువ లేదని, ఉప్పు ఎంత వేయాలో కూడా ఆడపడుచుని అడగాలని, మొగుడు రెండు వైపులా తల ఊపుతాడని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది, అదీ నేను అడిగితే. పట్టపగలు, ముందు తలుపులోంచి, వీధి వీధంతా చూస్తుండగా ఒక సంచి పట్టుకుని నడిచి వెళ్ళింది. ఇప్పుడు ఆసుపత్రిలో దుప్పట్లూ గలీబులూ ఉతుకుడికి పంపి లెక్క చూసుకునే పని చేస్తుంది, ఊరికి అటు చివర ఒంటిగది. నన్ను తనతో తీసుకెళ్ళలేదు. ఒంటిగదిలో ఇద్దరం ఎలాగుంటామే అంది ఒకసారి, ఇంకోసారి ఏమీ అనలేదు. నాకు కోపం లేదని అందరికీ చెప్తాను. ఉంది. చాలా ఉంది. కానీ నేను షాపులో చేరిన ఏడాది ఒక సాయంత్రం, అద్దం వెనక బొమ్మల్ని మార్చిన రోజు, రోడ్డు అవతల నిలబడి చూసుకుంటుంటే అద్దం ముందు అమ్మ కనిపించింది. చేతి సంచి రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, బొమ్మల్ని ఒక్కొక్కదాన్నీ పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తోంది. లోపలికి రాలేదు. నేను పిలవలేదు. ఆ రాత్రి ఫోను చేసి, ఆ మధ్య బొమ్మ చెయ్యి కాస్త కిందికి దించవే, ఎవరినో కొట్టబోతున్నట్టుంది, అంది. మర్నాడు వెళ్ళి దించాను, నిజంగానే బాగుంది. అప్పట్నుంచి అద్దం మార్చిన ప్రతిసారీ వస్తుంది, బయటే నిలబడుతుంది, వెళ్ళిపోతుంది, ఫోను చేస్తుంది. మా అమ్మా నేనూ మాట్లాడుకునేది బొమ్మల గురించే. మా యజమాని అమ్మకాలు పెరిగాయని నన్ను మెచ్చుకుంటాడు. నేను ఆ అద్దాలు ఎవరి కోసం సర్దుతున్నానో ఆయనకేం తెలుసు.

స్టేజీ ఎక్కాను. ఎందుకెక్కానంటే వెనక గుడ్డ ఎంత వెడల్పు కావాలో చూద్దామని, అడుగులు వేసి కొలుచుకుని మధ్యలోకి వచ్చి ఊరికే ఇటు తిరిగాను. ఇన్నాళ్ళూ ఈ హాలుని గేటు నుంచి చూశాను, గుమ్మం నుంచి చూశాను, వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీల్లోంచి చూశాను, ఫొటోలు తీసేవాడు ఎక్కడ నిలబడతాడో అక్కణ్ణించీ చూశాను. నేను ఎక్కడ నిలబడతానో అక్కణ్ణించి ఒక్కసారి కూడా చూడలేదు. ఇలాంటి పొరపాటు నేనే చేయాలి. పెళ్ళి రోజు బొమ్మ నేనే కదా, అద్దం లోపల ఉండేది నేనే, సాయంత్రమంతా బయటికి చూస్తూ నిలబడాల్సింది నేనే. ఇక్కడ నిలబడితే కనిపించేది గేటు కాదు, పూలు కాదు, ఏదీ కాదు. తిన్నగా ఎదురుగా, హాలు చివర, పక్క తలుపు. పసుప్పచ్చ గోడలో గోధుమరంగు రేకు తలుపు, చెయ్యి పెట్టి పెట్టి నల్లబడిన మచ్చ, దాని పక్కన తుడుపు కర్రా బకెట్టూ, ఖాళీ గ్యాసు సిలిండర్లు. అందరూ వచ్చి చేతులు కలుపుతుంటారు, నవ్వుతుంటాను, నవ్వుతూ వాళ్ళ భుజాల మీదుగా ఆ తలుపే చూస్తుంటాను. వచ్చిందా, రాలేదా, వచ్చిందా. ప్రతి ఫొటోలో నా కళ్ళు అటే ఉంటాయి. మేనత్త ఊరుకుంటుందా, దారం ఎక్కడ తెగిందో చీకట్లో పసిగట్టే మనిషి, నా చూపు పట్టుకుని వెళ్ళి దాని చివర అమ్మని పట్టేస్తుంది. మీ అమ్మ ముందు తలుపులోంచి వస్తే నేను వెనక తలుపులోంచి పోతాను అని మొన్న అందరి ముందూ అంది. నాన్నని అడిగాను, అమ్మని పిలవనా నాన్నా అని. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, నీ పెళ్ళి, నీ ఇష్టం అన్నాడు, అని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నా ఇష్టం నా మీదికే తోసేసే మగవాళ్ళే దొరికారు నాకు.

అయితే ఆ తలుపుకే పూలు పెట్టిస్తే, అని ఒక ఆలోచన మెరుపులా వచ్చింది. చుట్టూ తెల్ల గులాబీలు, ఆకులు, బకెట్లు తీసేసి ఒక మంచి కుర్చీ, అమ్మ రాగానే అందులో కూర్చుంటుంది, నేను ఇక్కణ్ణించి చూస్తాను. ఒళ్ళంతా తేలికైంది, ఒక్క క్షణమే. మరుక్షణం నా ఉద్యోగం నన్నే వెక్కిరించింది. పూలు పెట్టిన చోటికి కన్ను పోతుంది, అందుకే కదా పెట్టేది. హాలంతా వెనక్కి తిరిగి ఆ తలుపు చూస్తుంది, ఇక్కడ ఎందుకు పెట్టారబ్బా అనుకుంటుంది, ఫొటోలవాడు పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడే నిలబెడతాడు, అమ్మ తలుపు తీసీ తీయగానే వందల కళ్ళు. తీసిన తలుపు తీసినట్టే మూసి వెళ్ళిపోతుంది, నాకు తెలుసు. పూలు పెడితే రాదు. పెట్టకపోతే బకెట్ల పక్కన, పనిమనిషి నిలబడినట్టు, చేతి సంచి పొట్టకి ఆనించుకుని నిలబడుతుంది, నన్ను కన్న మనిషి. ఏం చేయను. అప్పుడు ముందు తలుపులోంచి తలెత్తుకుని వెళ్ళిన దానివి, ఇప్పుడు పక్క తలుపు అడుగుతావేం, అప్పటి ధైర్యం ఏమైంది అని గట్టిగా అరవాలనిపించింది, ఖాళీ హాలే కదా, అరిచినా అరవచ్చు. అరవలేదు, ఎందుకంటే జవాబు నాకు తెలుసు. అప్పుడు తన కోసం వెళ్ళింది, ఇప్పుడు నా కోసం దాక్కుంటోంది. ఇంకా ఘోరం ఏమిటంటే, అమ్మ పక్క తలుపు మాట అన్నప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, హమ్మయ్య అనిపించింది. గొడవ లేకుండా పోతుంది, మేనత్త అలగదు, నాన్న కళ్ళజోడు తుడుచుకోడు, హమ్మయ్య.

స్టేజీ దిగి తిన్నగా ఆ తలుపు దాకా వెళ్ళి తోశాను. అవతల సన్నటి నడవ, పైన రేకులు, ఒక వైపు గోడ, ఇంకో వైపు పాత బల్లలు, ఇంకొన్ని సిలిండర్లు. నడవ చివర మెట్లు, మెట్ల కింద వెనక సందు. మెట్లు దిగి సందులోకి వెళ్ళాను, చెత్త తొట్టి పక్కన నిలబడి, అమ్మ నిలబడే చోట నిలబడి, ఇటు తిరిగి చూశాను. పగలే మసకగా ఉంది. ఇక్కణ్ణించి వస్తుంది, ఈ మెట్లెక్కి, ఈ రేకుల కింద నుంచి, పాత నూనె వాసనలోంచి, ఒక్కతీ. చుట్టాలెవరూ ఈ దారి తొక్కరు. ఫొటోలవాడు రాడు. ఇక్కడ ఏం పెట్టినా చూసేది ఒక్క మనిషే. అప్పుడు నాకు తెలిసింది పూలు ఎక్కడ పెట్టాలో. తలుపుకి హాలు వైపు కాదు, నడవ వైపు. ఈ నడవ మొత్తానికి, గోడ పొడుగునా, రేకులు కనపడకుండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా పూలు. స్టేజీకి ఉత్త గుడ్డ చాలు. గేటుకి ఏమీ వద్దు. తలుపు మూస్తే లోపల ఎవరికీ తెలియదు. బస్సు దిగి వచ్చిన మా అమ్మ నడిచి వస్తుంటే పూలు ఉండాలి, అంతే. నా పనిలో ఇంత తెలివితక్కువ లెక్క ఎవరైనా వేస్తే ఆ ముసలాయన ఉద్యోగంలోంచి తీసేసేవాడు.

"ఇక్కడున్నారా! హాలంతా వెతికాను," అంటూ డెకరేషన్ ఆవిడ నడవలోకి వచ్చింది, మెట్టు చూసుకోక తూలి గోడ పట్టుకుంది. "ఏం చేస్తున్నారమ్మా ఈ కంపులో? తేల్చారా? పూలవాడు రెండుసార్లు ఫోను చేశాడు."

"తేల్చాను. ఇక్కడ."

"ఇక్కడంటే?"

"ఈ నడవకి. మొత్తం."

ఆవిడ నన్ను చూసింది, నడవ చూసింది, సిలిండర్లు చూసింది. "చూడండమ్మా, పెళ్ళి ముందు అందరికీ కాస్త అటూ ఇటూ అవుతుంది, మొన్న ఒకావిడ బాత్రూముకి పెట్టమంది. కాస్త నీళ్ళు తాగండి. ఇక్కడ పెడితే గ్యాసు సిలిండర్లకి తప్ప ఎవరికి కనిపిస్తాయి? రేపు ఎవరైనా చూసి డెకరేషన్ ఎవరు చేశారంటే నా పేరు చెప్తారు, నేనేమని చెప్పుకోను?"

"ఈ దారిన మా అమ్మ వస్తుంది."

ఈ దారినా అని అడగబోయి ఆగిపోయింది. ఎన్ని పెళ్ళిళ్ళు చూసి ఉంటుంది, ఎన్ని తలుపులు చూసి ఉంటుంది. సంచిలోంచి టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చి, ఇది పట్టుకోండి, అని మెల్లగా గోడ వెంట నడిచింది. "ఖాయంగా వస్తారా?" అంది అటు చివర నుంచి, వెనక్కి తిరగకుండా. "పూలు తెప్పించాక వెనక్కి తీసుకోరు. కనుక్కోండి ఒకసారి."

టేపు ఎడమ చేతిలోకి మార్చుకుని ఫోను చేశాను. మోగింది, మోగింది, ఈ మనిషి ఎత్తదు, దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, ఎత్తినా చూద్దాంలే అంటుంది, చూద్దాంలే అంటే నేనేం చేయాలి. ఎత్తింది. వెనక ఏదో మిషను చప్పుడు.

"అమ్మా, వస్తున్నావా రావట్లేదా? ఒక్క ముక్క చెప్పు. వస్తే గిస్తే వద్దు."

"ఏమైందే, అలా ఉంది నీ గొంతు?"

"పక్క తలుపు దారిలో నీకు పూలు పెట్టిస్తున్నాను. ఎవరూ ఉండరు. ఎవరూ చూడరు. ఖర్చంతా అక్కడే పెడుతున్నాను, నువ్వు రాకపోతే ఇంకెవరూ చూసేది లేదు. చెప్పు."

మిషను చప్పుడు ఆగింది. అమ్మ అటు ఎవరితోనో ఒక్క నిమిషం అంది, తలుపు వేసిన శబ్దం వినిపించింది.

"పూలెందుకే నాకు," అంది చివరికి. "అక్కడ మెట్లున్నాయా?"

"ఉన్నాయి."

"లైటు?"

"లేదు. పెట్టిస్తాను. ఎందుకు?"

"ఏం లేదులే. ఈ మధ్య మెట్లు కంటికి సరిగా ఆనడం లేదు. రెండు కళ్ళలోనూ పొరలున్నాయన్నారు డాక్టరు. చీకటి పడితే మరీను. అందుకే నీకు వస్తే అన్నాను. నలుగురి మధ్యలో ఎక్కడ పడతానో అని." కాస్త నవ్వింది. "మీ షాపు అద్దం కూడా పోయిన రెండుసార్లూ సరిగ్గా కనపడలేదు. బాగుందని ఊరికే చెప్పాను."

ఆ రెండుసార్లూ ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, తడుముకుంటూ బస్సులెక్కి వచ్చి కనపడని బొమ్మల ముందు నిలబడిందా. టేపు అటు కొసన డెకరేషన్ ఆవిడ లాగి చూస్తోంది, నేను వదలడం లేదు.

"నేనొచ్చి చెయ్యి పట్టుకుంటాను," అన్నాను. "నువ్వు రాగానే ఫోను చెయ్యి, స్టేజీ దిగి వస్తాను."

"పెళ్ళికూతురువి వెనక మెట్ల దగ్గరికి పరుగెత్తుకొస్తావా? అప్పుడు చూడరూ అందరూ!"

"చూస్తే చూడనీ."

నాకు తెలిసి మా అమ్మ ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగింది లేదు, తనకి తాను సర్దిచెప్పుకోవడమే తెలుసు, ఇప్పుడు కూడా వద్దులేవే అంటుంది, ఇంకో రోజు వచ్చి చూస్తాలే అంటుంది, అంటుంది, ఇదిగో అనబోతోంది.

"ముందు వైపు కూడా మెట్లేనా?" అంది.

అడిగింది, మా అమ్మ. "లేవు," అన్నాను. "ముందు మెట్లు లేవమ్మా. కార్లు లోపలికి రావాలని నేల సమంగా పోశారు. పెద్ద లైట్లు కూడా ఉన్నాయి."

"అటైతే నడవగలను," అంది. ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఆసుపత్రిలో తన కింద పనిచేసేవాళ్ళతో మాట్లాడినట్టుగా, "సరే. ఎన్నింటికి రావాలి?" అంది.

చెప్పాను. పెట్టేసింది. డెకరేషన్ ఆవిడ టేపు చుట్టుకుంటూ దగ్గరికి వచ్చింది, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉంది, అటు పూలవాడు అరుస్తున్నాడు. "ముందు తలుపుకి," అన్నాను. "ఉన్నవన్నీ ముందు తలుపుకే పెట్టండి." ఆవిడ పూలవాడితో మాట్లాడుతూ లోపలికి నడిచింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని, ఒకసారి తప్పు నొక్కి మళ్ళీ నొక్కి, మేనత్తకి ఫోను చేశాను. "అత్తా, నీ మాటే నెగ్గింది, పూలు ముందు వైపే," అన్నాను, ఆవిడ సంతోషంగా ఏదో అనబోతుంటే ఆగమని చెప్పి, మిగతాది కూడా చెప్పేశాను.